రీఫ్ ట్యాంకుకు 55 వాట్ల యూవీ: సంప్‌లో ఎక్కడ కలపాలి, ఎంత ఫ్లో ఇవ్వాలి?

నీలిసంప్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ముందు వివరాలు రాస్తాను.

ట్యాంకు 120 × 60 × 60 సెం.మీ. రాళ్లూ ఇసుకా పోను డిస్‌ప్లేలో (పై ట్యాంకులో) నికరంగా 380 లీటర్లు, సంప్‌లో (కింది వడపోత తొట్టిలో) 90 లీటర్లు. సంప్‌కు మూడు గదులు. ఓవర్‌ఫ్లో నీళ్లు సాక్‌లోంచి (వడకట్టే గుడ్డ సంచిలోంచి) మొదటి గదిలో పడతాయి, నురుగుతో మురికి లాగే స్కిమ్మర్ కూడా అక్కడే. మధ్య గదిలో రాళ్లు, మూడో గదిలో రిటర్న్ పంపు. ఓవర్‌ఫ్లో దగ్గర కొలిస్తే గంటకు 2200 లీటర్లు వస్తున్నాయి. ఆల్కలినిటీ 8.5 డీకేహెచ్, కాల్షియం 430, నైట్రేట్ 2, ఫాస్ఫేట్ సున్నా.

ఇసుక మీద, రాళ్ల మీద గోధుమ రంగు జిగురు, దాంట్లో గాలి బుడగలు. దీపాలు ఆరాక చాలావరకు మాయమై, మధ్యాహ్నానికి మళ్లీ వస్తోంది. మైక్రోస్కోప్ కింద 400 రెట్లలో చూస్తే కన్నీటి బొట్టు ఆకారంలో ఉన్న కణాలు, ఒక కొసన కట్టేసినట్టు అక్కడక్కడే ఊగుతున్నాయి. ఆస్ట్రియాప్సిస్ (డైనోఫ్లాజెల్లేట్లలో, అంటే డైనోలలో, ఒక రకం) అనే అనుకుంటున్నాను. చేపల మీద అప్పుడప్పుడు తెల్ల మచ్చలు కూడా కనిపిస్తున్నాయి.

యూవీ (నీళ్లలోని జీవుల్ని అతినీలలోహిత కాంతితో చంపే పరికరం) 55 వాట్లది, ప్లాస్టిక్ హౌసింగ్, పోర్టులు 1 అంగుళం. తయారీదారు ఇచ్చిన చార్టు: చదరపు సెంటీమీటరుకు 30,000 మైక్రోవాట్-సెకన్ల డోసుకు గంటకు 6000 లీటర్లు, 90,000కు 2000 లీటర్లు.

రిటర్న్ లైన్‌లోనే నేరుగా కలపాలా, రిటర్న్ పంపు నుంచి టీ (మూడు దారుల జాయింటు) తీసి మళ్లీ సంప్‌లోకే వదలాలా, విడిగా చిన్న పంపు పెట్టాలా? ఫ్లో ఎంత ఉంచాలి? హోస్ పైపు చాలా, పీవీసీ తప్పదా? సీసా బ్యాక్టీరియా, కోపెపాడ్‌ల (రొయ్య జాతి సూక్ష్మ జీవుల) సంగతేంటి?

రీఫ్‌పైపులు

వివరాలన్నీ ఇచ్చారు, కాబట్టి లెక్కతోనే చెబుతాను. యూవీ పెట్టి ఫలితం లేదనే చాలా ట్యాంకుల్లో లాంప్‌ది తప్పు కాదు. శుద్ధి అయిన నీళ్లే తిరిగి యూవీలోకి పోతుంటాయి.

మీరు చెప్పిన రెండో పద్ధతి తీసుకోండి. రిటర్న్ పంపు నుంచి టీ తీసి, యూవీ గుండా గంటకు 1000 లీటర్లు పంపి, మళ్లీ రిటర్న్ గదిలోనే వదిలారు. ఆ గదిలోకి పైనుంచి 2200 లీటర్లు వస్తున్నాయి, యూవీ నుంచి శుభ్రమైన 1000 లీటర్లు వచ్చి వాటిలో కలుస్తున్నాయి. యూవీ మళ్లీ పీల్చేది ఆ కలిసిన నీళ్లనే. యూవీ గుండా పోయినదంతా చస్తుందనుకున్నా, డిస్‌ప్లేకు తిరిగి వెళ్లే నీళ్లలో 2200/3200 వంతు, అంటే 69 శాతం జీవులు అలాగే ఉంటాయి. డిస్‌ప్లే వైపు నుంచి చూస్తే మీ 1000 లీటర్ల యూవీ పనిచేసేది 690 లీటర్లంతే.

అదే పంపును మొదటి గదిలో, సాక్ దాటాక పెట్టి, యూవీ నుంచి వచ్చే నీళ్లను రిటర్న్ గదిలో వదలండి. ఇప్పుడు 2200లో 1000 లీటర్లు యూవీ గుండా, మిగతా 1200 ఎప్పటిలా అడ్డుగోడల మీదుగా వెళ్తాయి. శుద్ధి అయిన నీళ్లు వెనక్కి రావు, 1000కి 1000 లీటర్లూ లెక్కలోకి వస్తాయి. పంపు అదే, లాంప్ అదే, మారింది పైపు కొస పెట్టిన చోటు మాత్రమే. స్కిమ్మర్ గదిలో నీటి మట్టాన్ని అడ్డుగోడ ఎత్తే నిర్ణయిస్తుంది కాబట్టి అది కదలదు. షరతు ఒక్కటే: యూవీ పంపు ఫ్లో ఎప్పుడూ ఓవర్‌ఫ్లో ఫ్లో కంటే తక్కువ ఉండాలి. మించితే మొదటి గది ఎండిపోయి స్కిమ్మర్ గాలి పీలుస్తుంది.

రిటర్న్ లైన్‌లో నేరుగా కలపడంలో తిరుగు నీళ్ల సమస్య లేదు, ప్రతి బొట్టూ యూవీ గుండానే పోతుంది. కానీ 2200 లీటర్లు మొత్తం ఒకే దారిన పోవాలి కనుక డోసు మీ చేతిలో ఉండదు. మీ చార్టు ప్రకారం అది 82,000 దగ్గర ఆగుతుంది. లాంప్ మార్చాలన్నా, లాంప్‌ను కప్పి ఉంచే క్వార్ట్జ్ గొట్టం కడగాలన్నా ట్యాంకు సర్క్యులేషన్ ఆపాల్సిందే. ఆపకూడదంటే యూవీకి ముందొకటి, వెనకొకటి, పక్క దారిలో ఒకటి చొప్పున మూడు వాల్వులతో బైపాస్ కట్టాలి. విడి పంపుకయ్యే కరెంటు 15–20 వాట్లు. ఈ తలనొప్పికి అదే నయం.

క్వార్ట్జ్‌గొట్టం

దారి విషయంలో పైన చెప్పినదానికి నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను. ఫ్లో విషయంలో ఒక మాట కలపాలి.

"ఎంత నెమ్మదిగా పోతే అంత మంచిది" అన్న సలహా అంతటా వినిపిస్తుంది. అది సగం నిజం. డోసు ఫ్లోకు విలోమంగా మారుతుంది. చార్టులో ఫ్లోను డోసుతో గుణిస్తే రెండు వరుసలకూ ఒకే సంఖ్య రావాలి, మీ చార్టులో 18 కోట్లు వస్తోంది. కాబట్టి మీ యూనిట్ గంటకు 1000 లీటర్ల దగ్గర 1,80,000 ఇస్తుంది, 640 లీటర్ల దగ్గర 2,80,000 ఇస్తుంది. క్రిప్టోకేరియన్ (తెల్ల మచ్చల పరాన్నజీవి) ఈదే దశకు తరచూ ఉదహరించే డోసు ఈ రెండోదే. అమైలోఊడినియమ్‌కు (చేపల వెల్వెట్ జబ్బు పరాన్నజీవికి) 1,05,000 అంటారు. నీళ్లలో తేలే ఆల్గే, బ్యాక్టీరియాలో చాలావాటికి 30,000 సరిపోతుంది.

ఇప్పుడు ఒక ఉదాహరణ. 1000 లీటర్ల దగ్గర ఒక జీవి 99.9 శాతం చస్తోందనుకోండి. ఫ్లో రెట్టింపు చేస్తే డోసు సగమవుతుంది, చావు 96.8 శాతానికి దిగుతుంది. కానీ గంటకు పోయే నీళ్లు రెట్టింపు. మొదటి సందర్భంలో గంటకు 999 లీటర్ల మేర శుభ్రమైతే, రెండో సందర్భంలో 1936 లీటర్ల మేర. ట్యాంకులో జీవి పెరిగే వేగంతో పోటీ పడాల్సింది గంటకు చంపే సంఖ్య. ఒక్కో బొట్టు ఎంత శుభ్రంగా బయటికొచ్చిందన్నది ఇక్కడ రెండో విషయం. గట్టి జీవుల దగ్గర మాత్రం ఈ లెక్క చెడిపోతుంది: చాలని డోసు తగిలితే అవి గాయపడి కోలుకుంటాయి. అందుకే లక్ష్యానికి కావలసిన కనీస డోసు ముందు తేల్చుకుని, ఆ డోసు ఎంత ఫ్లో ఇవ్వనిస్తే అంతా ఇవ్వడమే సరైన పద్ధతి. అంతకంటే నెమ్మది చేయడం వల్ల లాభం లేదు.

నీళ్ల వాటా కూడా గుర్తుంచుకోండి. డిస్‌ప్లే నీళ్లంత పరిమాణం ఒకసారి యూవీ గుండా పోయినా, కలిసిపోతూ తిరుగుతుంటాయి కాబట్టి 37 శాతం నీళ్లు యూవీని చూడనే చూడవు. రెండింతలు పోతే 14, మూడింతలు పోతే 5 శాతం మిగులుతాయి. మీ 380 లీటర్లకు గంటకు 1000 లీటర్లంటే 2.6 రెట్లు. బాగానే ఉంది.

నా సూచన: డైనోలు ఉన్నన్నాళ్లూ 1800–2000, తర్వాత తెల్ల మచ్చల కోసం 700–1000 (2,80,000 డోసు పూర్తిగా కావాలంటే 640). చార్టు కొత్త లాంప్‌కా, ఆయుష్షు చివరి లాంప్‌కా అన్నది యూనిట్ కాగితంలో చూడండి. కొత్త లాంప్ లెక్కయితే ఫ్లో మరో నాలుగో వంతు తగ్గించండి.

తెల్ల మచ్చలకు యూవీ మందు కాదని స్పష్టంగా చెప్పాలి. చేప చర్మంలో ఉన్న దశను, ఇసుకలో గూడు కట్టుకున్న దశను కాంతి చేరదు. గూడు పగిలి ఈదే పిల్ల దశలో, అదీ పైపులోకి వచ్చినవే చస్తాయి. అవి ఎక్కువగా తెల్లవారుజాము చీకట్లో విడుదలవుతాయి, కాబట్టి టైమర్ పెట్టి రాత్రి ఆపొద్దు. యూవీ వల్ల పరాన్నజీవి సంఖ్య తగ్గి చేప రోగనిరోధక శక్తికి ఊపిరి దొరుకుతుంది. పూర్తిగా పోవాలంటే చేపల్ని విడిగా క్వారంటైన్‌లో పెట్టి రాగి మందు ఇవ్వాలి, డిస్‌ప్లేను చేపల్లేకుండా ఖాళీగా ఉంచాలి. రాగిని రీఫ్ ట్యాంకులో పోయకూడదని మీకు తెలిసే ఉంటుంది.

ఉప్పుతేట

మీ వర్ణన ఆస్ట్రియాప్సిస్‌కు సరిగ్గా సరిపోతుంది. యూవీకి లొంగే రకం అదే. కూలియా, ప్రొరోసెంట్రమ్ అనే డైనోలు కూడా చాలావరకు లొంగుతాయి. పెద్ద కణాల ఆంఫిడినియమ్ అయితే రాత్రి కూడా ఇసుకలోనే ఉండిపోతుంది, దానికి ఎన్ని వాట్లు పెట్టినా దండగే. దీపాలు ఆరాక జిగురు మాయమవుతోందని రాశారు కదా, అది ముఖ్యమైన ఆనవాలు. అవి నీళ్లలోకి లేస్తున్నాయి.

కానీ రాత్రి అవి లేచేది డిస్‌ప్లేలో. అక్కడి నుంచి ఓవర్‌ఫ్లో దాకా వచ్చి, సాక్ దాటి, సంప్‌లో యూవీ పంపు దాకా చేరేవి కొన్నే. అందుకే మొదటి రెండు మూడు వారాలు యూవీని సంప్‌కు కలపకండి. డిస్‌ప్లే నుంచి తీసి డిస్‌ప్లేలోకే వదలండి. గంటకు 2000 లీటర్లు అంటే డిస్‌ప్లే నీళ్లకు 5 రెట్ల పైనే, ఓవర్‌ఫ్లో పరిమితి కూడా అడ్డురాదు.

ఈ తాత్కాలిక లూప్‌కు హోస్ పైపు చాలు. పంపును ఒక మూలలో, నీళ్లు వదిలే కొసను ఎదురు మూలలో పెట్టండి. రెండూ పక్కపక్కన పెడితే పైన చెప్పిన తిరుగు నీళ్ల సమస్యే డిస్‌ప్లేలో పుడుతుంది.

ఇక్కడ అసలు ప్రమాదం వరద. యూవీ క్యాబినెట్‌లో కింద ఉంటుంది కనుక ఏ జాయింటు ఊడినా డిస్‌ప్లే నీళ్లు నేల మీదికి వస్తాయి. పంపు నోరు నీటి మట్టానికి 5 సెం.మీ. కింద మాత్రమే ఉండేలా గోడకు బిగించండి. అప్పుడు డిస్‌ప్లే నుంచి పోయేది 36 లీటర్లే. అడుగున పెడితే ట్యాంకంతా పోతుంది. దానికి తోడు డిస్‌ప్లే మట్టం దిగగానే ఓవర్‌ఫ్లో ఆగిపోయి, రిటర్న్ పంపు తన గదిలోని నీళ్లనూ పైకి తోడేస్తుంది, ఏటీఓ (ఆవిరైన మేరకు మంచినీళ్లు పోసే పరికరం) తన బకెట్టును ఖాళీ చేస్తుంది. లెక్కలో అవీ వేసుకోండి. నీళ్లు వదిలే పైపుకు మట్టం కింద 2 సెం.మీ. దగ్గర 6 మి.మీ. రంధ్రం వేయండి. మట్టం దిగగానే గాలి పీల్చి సైఫన్ తెగుతుంది. చెక్ వాల్వ్‌ను నమ్ముకోవద్దు. ఉప్పునీళ్లలో దాని నాలుక మీద సున్నం పేరుకుని సరిగ్గా మూసుకోదు. క్యాబినెట్ నేల మీద లీక్ సెన్సర్ ఒకటి పెట్టి పంపు ప్లగ్గును దాని మీదుగా ఇవ్వండి.

యూవీ ఒక్కటే పెట్టి కూర్చుంటే అవి మళ్లీ వస్తాయి. ఫాస్ఫేట్ సున్నా ఉన్న ట్యాంకులో పోటీ పడే ఆల్గే, బ్యాక్టీరియా ఆకలితో చస్తాయి, ఆ ఖాళీని ఇవి ఆక్రమిస్తాయి. ఫాస్ఫేట్ తీసే మీడియా ఏదైనా ఉంటే తీసేయండి. ఫాస్ఫేట్‌ను 0.05–0.1కి, నైట్రేట్‌ను 5–10కి మెల్లగా తెచ్చి, రోజూ కొలుస్తూ నిలబెట్టండి. ఆస్ట్రియాప్సిస్ చచ్చేటప్పుడు విషం వదులుతుంది, నత్తలే ముందు పోతాయి. కాబట్టి యూవీ ఆన్ చేసిన రోజు నుంచే మంచి యాక్టివేటెడ్ కార్బన్ పెట్టి వారానికోసారి మార్చండి. సాయంత్రం దీపాలు ఆరే ముందు రాళ్ల మీది జిగురును పిచికారీతో లేపి, 10 మైక్రాన్ల సాక్ వేయండి. ఆ సాక్‌ను పొద్దున్నే తీసేయాలి, లేదంటే పట్టినవి మళ్లీ నీళ్లలోకే వస్తాయి.

సరైన జాతి అయితే వారంలోపే తేడా కళ్లకు కనిపిస్తుంది. కనిపించకపోతే ఫ్లో మార్చడం కంటే ముందు మైక్రోస్కోప్ మళ్లీ తీయండి.

నీలిసంప్

చాలా ధన్యవాదాలు. తిరుగు నీళ్ల లెక్క నా దృష్టికి రానేలేదు. ముందు డిస్‌ప్లే లూప్ కడతాను, డైనోలు తగ్గాక మొదటి గది నుంచి రిటర్న్ గదికి పీవీసీతో శాశ్వతంగా కలుపుతాను. ఆ శాశ్వత పైపింగ్‌లో ఏ వరసలో ఏది రావాలి? హౌసింగ్‌ను నిలువుగా పెట్టాలా, పడుకోబెట్టాలా? వాల్వ్ యూవీకి ముందా, వెనకా?

రీఫ్‌పైపులు

వరస ఇదీ: పంపు, 30 సెం.మీ. మెత్తటి హోస్, బాల్ వాల్వ్, యూనియన్ (విప్పగలిగే జాయింటు), యూవీ కింది పోర్టు, యూవీ పై పోర్టు, యూనియన్, గేట్ వాల్వ్, రిటర్న్ గది.

ఆ హోస్ ముక్క పంపు అదురును పైపులకు ఎక్కనివ్వదు. గట్టి పీవీసీని నేరుగా పంపుకు కలిపితే రాత్రిపూట క్యాబినెట్ మొత్తం మోగుతుంది. హోస్ నల్లదో బూడిద రంగుదో తీసుకోండి. పారదర్శకమైన గొట్టంలో ఆల్గే పెరుగుతుంది, యూవీ పోర్టు పక్కన ఉంటే కాంతి తగిలి పెళుసెక్కి పగులుతుంది. అదే కారణంతో రెండు పోర్టుల దగ్గరా మొదటి ఫిట్టింగ్‌గా 90 డిగ్రీల ఎల్బో వేయండి. కాంతి సూటిగా పోయి ఆ మలుపులో ఆగుతుంది, అవతలి పైపు, వాల్వు సురక్షితంగా ఉంటాయి. ఆ ఎల్బోలు పలుచటి తెల్లవి కాకుండా మందంగా ఉన్న బూడిద రంగువి అయితే మంచిది.

వాల్వు విషయం. ఫ్లో తగ్గించే వాల్వు ఎప్పుడూ యూవీ వెనక, అంటే నీళ్లు బయటికొచ్చే వైపు ఉండాలి. హౌసింగ్ నిండుగా, కొంచెం ఒత్తిడితో ఉంటుంది, గాలి నిలవదు. ముందున్న బాల్ వాల్వు సర్వీసు కోసమే, మామూలుగా పూర్తిగా తెరిచి ఉంచాలి. వెనక బాల్ వాల్వు పెడితే పిసరంత తిప్పగానే 300 లీటర్లు మారిపోతుంది. గేట్ వాల్వు అయితే చుట్లు చుట్లుగా సరిచేయొచ్చు. పంపు పీల్చే వైపు మాత్రం ఏ వాల్వూ వద్దు.

హౌసింగ్‌ను నిలువుగా పెట్టండి, నీళ్లు కింద ప్రవేశించి పైన బయటికి రావాలి. గాలి తనంతట తానే వెళ్లిపోతుంది. చోటు లేక పడుకోబెట్టాల్సి వస్తే రెండు పోర్టులూ పైకి చూడాలి. పోర్టులు కిందికి ఉంటే పైన గాలి బుడగ నిలుస్తుంది. ఆ భాగంలో క్వార్ట్జ్ గొట్టం వేడెక్కుతుంది, ఉప్పు గట్టిపడుతుంది. కరెంటు తీగ ఉండే కొస ఎటువైపు ఉండాలన్నది యూనిట్ కాగితంలో చెప్పినట్టే చేయండి.

అందరూ మరిచేది ఒకటుంది: లాంప్ బయటికి లాగడానికి ఆ కొస ముందు లాంప్ పొడవంత ఖాళీ కావాలి. 55 వాట్ల లాంప్ అర మీటరు దాటుతుంది. పైపులన్నీ అంటించాక క్యాబినెట్ పైకప్పు అడ్డొస్తే మళ్లీ కోయాల్సిందే. కాబట్టి స్థలం ముందు లాంప్ లాగి చూసి నిర్ణయించండి.

అంటించే ముందు అన్నీ పొడిగా బిగించి, ప్రతి జాయింటు మీదా మార్కర్‌తో అడ్డగీత గీయండి. సొల్యూషన్ రాశాక దిశ సరిచూసుకునే వ్యవధి ఉండదు, గీతలు కలిస్తే చాలు. పైపు తిన్నగా కోసి, అంచు లోపలా బయటా గీకి, సొల్యూషన్ రెండు వైపులా రాసి, పావు చుట్టు తిప్పుతూ దూర్చి, 30 సెకన్లు పట్టుకోండి. లేదంటే పైపు నెమ్మదిగా వెనక్కి జారుతుంది. యూనియన్ల ఓ రింగులు తీసేసి అంటించండి, వాటి మీద సొల్యూషన్ చుక్క పడితే ఉబ్బి లీకవుతాయి. హౌసింగ్ పాలీఇథిలీన్‌తో చేసిందైతే పీవీసీ సొల్యూషన్ దానికి అంటదు, మరతో బిగించే అడాప్టరే వాడాలి.

ఆ మరకు టెఫ్లాన్ టేపు బిగించే దిశలో 4–5 చుట్లు, చేత్తో బిగిశాక ఇంకో అర చుట్టు, అంతే. ప్లాస్టిక్ మరలను రెంచితో బిగిస్తే ఆడ మర సన్నగా చీలుతుంది, లీకు ఆ రోజు కనిపించదు, వారాల తర్వాత ఉప్పు గడ్డగా బయటపడుతుంది. యూనియన్ మరల మీద టేపు వేయకూడదు, అక్కడ నీళ్లను ఆపేది ఓ రింగే. ఓ రింగుకు సిలికాన్ గ్రీజు పలుచగా రాయండి, పెట్రోలియం జెల్లీ వద్దు.

అతి తక్కువ ఎత్తులో ఒక టీ వేసి చిన్న వాల్వు పెడితే హౌసింగ్‌ను ఖాళీ చేయడానికీ, తర్వాత యాసిడ్ కడుగుడుకూ పనికొస్తుంది. ఇదొక్కటీ లేని పైపింగ్‌లో ప్రతిసారీ 2–3 లీటర్ల ఉప్పునీళ్లు క్యాబినెట్‌లో ఒలుకుతాయి.

24 గంటలు ఆరనిచ్చి, లాంప్ ప్లగ్గు తీసే ఉంచి, ఆర్వో నీళ్లు ఒక టబ్బులో తిప్పుతూ ఒక రోజంతా పరీక్షించండి. ప్రతి జాయింటు చుట్టూ టిష్యూ కాగితం చుడితే ఒక్క చుక్క కూడా దాక్కోదు. ఆ నీళ్లు పారబోయండి, సొల్యూషన్ వాసన వాటితోనే పోతుంది.

నీళ్లు వదిలే కొస రిటర్న్ గదిలో మట్టం కిందే ఉండాలి. పైనుంచి పడితే సన్న బుడగలు రిటర్న్ పంపు గుండా డిస్‌ప్లేకు ఎక్కుతాయి.

పగడాలతోట

బ్యాక్టీరియా సంగతి ఎవరూ ముట్టుకోలేదు. నైట్రిఫయింగ్ బ్యాక్టీరియా రాళ్లకు, ఇసుకకు అంటుకుని బతుకుతుంది, అది యూవీ గుండా పోదు. కాబట్టి సైకిల్ (వ్యర్థాల్ని బ్యాక్టీరియా నైట్రేట్‌గా మార్చే చక్రం) దెబ్బతినదు. సీసా బ్యాక్టీరియా పోసిన రోజు మాత్రం అది ఇంకా నీళ్లలోనే తేలుతుంటుంది కనుక యూవీని 24–48 గంటలు ఆపండి. ఫైటోప్లాంక్టన్ (తేలే సూక్ష్మ ఆల్గే) పోస్తే కొన్ని గంటలు. కోపెపాడ్‌ల పెద్దవి రాళ్లలో ఉంటాయి, పంపులోకి వచ్చిన పిల్లలు కొన్ని పోతాయి. రాళ్లు ఉన్న ట్యాంకులో దానివల్ల జనాభా కూలిపోదు. కొత్త పాడ్లు వదిలే రోజు మాత్రం పంపు ఆపి, రాత్రి రాళ్ల సందుల్లో వదలండి.

కీలేట్ చేసిన (సేంద్రియ అణువుతో బంధించిన) ఇనుము పోస్తుంటే ఒక జాగ్రత్త. ఆ బంధాన్ని యూవీ విడగొడుతుంది, ఇనుము అవక్షేపంగా దిగి క్వార్ట్జ్ గొట్టం మీద గోధుమ రంగు పొర కడుతుంది.

యూవీ చంపిన ఆల్గే ఎక్కడికీ పోదని కూడా గుర్తుంచుకోండి. దానిలోని నైట్రోజన్, ఫాస్ఫరస్ నీళ్లలోనే ఉంటాయి. స్కిమ్మర్ కప్పు మొదటి వారం మామూలు కంటే వేగంగా నిండుతుంది, రోజూ ఖాళీ చేయండి.

క్వార్ట్జ్‌గొట్టం

కరెంటు, నిర్వహణ గురించి.

యూవీ ప్లగ్గు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) మీదే ఉండాలి. క్వార్ట్జ్ గొట్టం పగిలినా, ఓ రింగ్ జారినా ఉప్పునీళ్లు నేరుగా లాంప్ సాకెట్లోకి వస్తాయి. ఇది ఊహాజనితమైన ప్రమాదం కాదు, ఈ పరికరం కట్టుబడే అలాంటిది. బ్యాలస్ట్‌ను (లాంప్‌ను నడిపే కరెంటు పెట్టెను) సంప్ మట్టం కంటే పైన, పక్క గోడకు బిగించండి. తీగ కిందికి జారి మళ్లీ ప్లగ్గుకు ఎక్కేలా వంపు ఉండాలి.

ఫ్లో ఆగి లాంప్ వెలుగుతుంటే ఏమవుతుంది? హౌసింగ్‌లో 3 లీటర్లుంటే 55 వాట్లు దాన్ని నిమిషానికి పావు డిగ్రీ చొప్పున వేడి చేస్తాయి. మేత వేసేటప్పుడు పది నిమిషాలు పంపు ఆపితే రెండున్నర డిగ్రీలు, నష్టం లేదు. ఆ కొద్దిసేపటికి లాంప్ ఆపొద్దు, మాటిమాటికీ ఆన్ ఆఫ్ చేయడమే లాంప్ ఆయుష్షు తినేస్తుంది. కానీ పంపు చెడిపోయి ఎవరూ చూడకపోతే గంటల తరబడి వేడెక్కి ప్లాస్టిక్ మెత్తబడుతుంది, ఆ వేడి నీళ్లు ఒక్కసారిగా ట్యాంకులో పడతాయి. ఫ్లో స్విచ్ పెట్టి, కొన్ని నిమిషాల తర్వాత లాంప్ ఆరేలా కంట్రోలర్‌లో పెట్టుకోండి. రెండు వాల్వులూ మూసేసి లాంప్ వెలిగించి ఉంచడం అన్నిటికంటే ప్రమాదం. నీళ్లు లేకుండా వెలిగించడం కూడా.

55 వాట్లూ చివరికి వేడిగా నీళ్లలోకే చేరతాయి. రోజుకు 1.3 యూనిట్లు. చిల్లర్ ఇప్పటికే గరిష్ఠంగా నడుస్తుంటే ఇది తెలుస్తుంది.

లాంప్‌ను గాజు దగ్గర వేలితో పట్టుకోకండి. పట్టుకుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. క్వార్ట్జ్ గొట్టం పగిలితే మామూలు గాజు గొట్టంతో సరిపెట్టలేరు, గాజు 254 నానోమీటర్ల కాంతిని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. లాంప్ నీలంగా వెలుగుతూనే ఉంటుంది, ఒక్క జీవీ చావదు. అదే కారణంతో, నీలి వెలుగు కనిపిస్తోంది కాబట్టి లాంప్ బాగుందని అనుకోవడానికి లేదు. 9000 గంటలు, అంటే దాదాపు ఏడాదికి యూవీ అంశం బాగా పడిపోతుంది, కంటికి కనిపించే వెలుగు పడిపోదు. బిగించిన తేదీ హౌసింగ్ మీదే రాసిపెట్టండి.

మీ ఆల్కలినిటీ, కాల్షియం ఉన్న నీళ్లలో వేడి గొట్టం మీద సున్నం పొర కట్టడం ఖాయం. మొదటిసారి రెండు నెలలకు విప్పి చూడండి, దాన్నిబట్టి మీ ట్యాంకు విరామం తేలుతుంది. చాలా ట్యాంకులకు 4–6 నెలలు. విప్పకుండా కడగాలంటే రెండు వాల్వులూ మూసి, లాంప్ ఆపి, కింది టీ గుండా లీటరుకు 50–60 గ్రాముల సిట్రిక్ యాసిడ్ కలిపిన నీళ్లు నింపి ఒక గంట ఉంచి, రెండుసార్లు ఆర్వో నీళ్లతో కడగండి. గీకుడు పీచు వాడొద్దు, గీతలు పడిన చోట పొర మరింత త్వరగా పడుతుంది.

వెలిగే లాంప్‌ను బయట చూడకండి. క్షణాల్లో కళ్లకేమీ అనిపించదు, కొన్ని గంటల తర్వాత ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. విప్పేముందు ప్లగ్గు తీయడం మీ చేత్తో మీరే చేయండి. లాంప్ పగిలితే లోపల పాదరసం ఉంటుంది. గది తలుపులు తీసి, గట్టి కాగితంతో ఎత్తండి, వాక్యూమ్ క్లీనర్ వాడకండి.

నీలిసంప్

లాంప్ లాగే చోటు ఇప్పుడే కొలిచాను, పైకి 48 సెం.మీ. మాత్రమే ఉంది. నిలువుగా కుదరదు. పడుకోబెట్టి పోర్టులు పైకి పెడతాను. చివరి సందేహం: ఫ్లో మీటర్ లేకుండా 2000, 1000 ఎలా తేల్చాలి?

రీఫ్‌పైపులు

48 సెం.మీ. అయితే పడుకోబెట్టడమే సరైనది. హౌసింగ్‌ను ఒక వైపు రెండు డిగ్రీలు ఎత్తి, నీళ్లు బయటికొచ్చే పోర్టు ఎత్తు వైపు ఉండేలా బిగించండి. గాలి దానంతటదే వెళ్తుంది.

ఫ్లో కొలవడానికి బకెట్టు, ఫోన్లో స్టాప్‌వాచ్ చాలు. 36,000ను 10 లీటర్లు నిండడానికి పట్టిన సెకన్లతో భాగిస్తే గంటకు లీటర్లు వస్తాయి. 18 సెకన్లు అంటే 2000, 36 సెకన్లు అంటే 1000, 50 సెకన్లు అంటే 720. మూడుసార్లు కొలిచి సగటు తీయండి. నీళ్లు వదిలే కొస ఎత్తు మారితే ఫ్లో మారుతుంది కాబట్టి బకెట్టును ఆ కొస మామూలుగా ఉండే ఎత్తులోనే పట్టాలి. అన్నిటికంటే ముందు ఏటీఓ ఆపండి. సంప్ నుంచి 10 లీటర్లు తీయగానే అది మంచినీళ్లు పోసేస్తుంది, బకెట్టు తిరిగి పోశాక ఉప్పు శాతం పడిపోతుంది.

డిస్‌ప్లే లూప్‌కు ఒకసారి, శాశ్వత పైపింగ్ అయ్యాక ఒకసారి, ఆ తర్వాత నెలకోసారి కొలవండి. పంపు ఇంపెల్లర్‌కు సున్నం పట్టి ఫ్లో నెమ్మదిగా పడిపోతుంది, గేట్ వాల్వు ఎక్కడ ఉందో చూస్తే అది తెలియదు. 36 సెకన్లది 45 సెకన్లు దాటిందంటే వాల్వు ముట్టుకోకుండా ముందు పంపు విప్పి కడగండి.